ఒకరి పేరున ఒకరి ఎముకలు

బోంగ్-యో అన్న పేరుకు “సర్లే, ఏదోలా పెంచుదాం” అని అర్థం. ఇంట్లో మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని తెలిసినప్పుడు తండ్రికి కోపం కూడా రాలేదు, విసుగొచ్చింది. ఆ విసుగునే పేరుగా రాయించి వచ్చాడు. ఓ-బే తీరంలో ఆమె వయసు ఆడవాళ్ళలో ఇలాంటి పేర్లు ఇంకా తగులుతూనే ఉంటాయి. వృద్ధులే మన సంపద అని జిల్లా పెద్దలు వేదికలెక్కి చెబుతుంటారు. ఆ సంపదకు పుట్టినప్పుడే కట్టిన వెల ఎంతో, ఒకసారి హాజరు పిలిస్తే బయటపడుతుంది.

పేరు ఎలాంటిదైనా మనిషి గట్టిది. పొట్టి, వెడల్పు భుజాలు, మందపాటి పిక్కలు. బడికి వెళ్ళే వయసులో చేతికి చాకొచ్చింది. అప్పటినుంచీ ఆల్చిప్పలు ఒలుస్తూనే ఉంది. మధ్యలో పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, మొగుడు చక్కెర జబ్బుతో ముందు వేళ్ళూ తర్వాత కాలూ చివరికి ప్రాణమూ పోగొట్టుకున్నాడు. ఇవన్నీ ఒలుపుకు పెద్దగా అడ్డం రాకుండానే జరిగిపోయాయి. పడవ వచ్చే వేళ సముద్రపు పోటును బట్టి ఉంటుంది గానీ ఒలిచేవాళ్ళ ఇంట్లో కష్టాన్ని బట్టి ఉండదు.

ఒలుపు రేకుల షెడ్డులో. నడుమ పొడుగాటి బల్ల, దాని మీద బురద కారుతున్న చిప్పల గుట్ట, చుట్టూ పొట్టి పీటల మీద ఆడవాళ్ళు. తలకూ మొహానికీ పూలగుడ్డ చుట్టుకుంటారు. కళ్ళు తప్ప ఏమీ కనబడవు. సందులో చాకు దూర్చి, తిప్పి, లోపలి మెత్తని మాంసాన్ని గిన్నెలోకి జార్చి, ఖాళీ చిప్పను కాళ్ళ దగ్గర పడేస్తారు. గిన్నె నిండినప్పుడల్లా ఎవరిది వాళ్ళు తూకం వేయించుకుని, సాయంత్రం కూలి తీసుకుంటారు. లేచి తిరిగినవాళ్ళ గిన్నె తేలికవుతుంది. అందుకని ఆ బల్లకో పద్ధతి ఉంది. బయట పని ఎవరికున్నా సరే, అందరి తరఫునా ఒక్కరే వెళ్తారు. ఆ మనిషిని “ఇవాళ్టి కాళ్ళు” అంటారు. మందుల చీటీలూ బీమా కార్డులూ గుడికి ఇవ్వాల్సిన చందాలూ అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఆ మనిషి చేతిలో పెడతారు. మిగతావాళ్ళు ఆమె వంతు చిప్పలు తలా కొన్ని ఒలిచి ఆమె గిన్నెలో వేస్తారు. ఎన్నో ఏళ్ళుగా సాగుతున్న పద్ధతి ఇది. క్లినిక్‌లో మందులిచ్చే పిల్లకు ఆ సంచి తెలుసు, ఒకరి కార్డు మరొకరు పట్టుకొస్తే తప్పని ఎవరికీ తోచదు. బోంగ్-యో పిక్కలు చూసి ఎక్కువసార్లు ఆమెనే కాళ్ళను చేసేవారు.

ఆమెకు ఎదురు పీట కిమ్-హియోది. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండే మనిషి. అన్నం కంటే టీ ఎక్కువ. ఇద్దరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని ముప్పై ఏళ్ళు ఒలిచారు. ఈ మధ్య కిమ్-హియో కురచైపోతున్నట్టు బోంగ్-యో ఒక్కతే కనిపెట్టింది, బల్ల అంచు మునుపు ఆమె ఛాతీ దగ్గర ఉండేది, ఇప్పుడు భుజాల దగ్గరికొచ్చింది.

“ఒసే, నువ్వు కుంగిపోతున్నావే.”

“బల్ల పెరుగుతోందక్కా,” అనేది కిమ్-హియో.

ఆ ఏడాది కోడిగుడ్లు దొరకలేదు. దుకాణాల్లో మనిషికి ఒక్క డబ్బానే అని అట్టలు కట్టారు, ఆ ఒక్కటీ ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే గ్రామపెద్ద మైకులో అరిచాడు. సముద్రతల్లి గుడి ముంగిట్లోకి ఎక్స్‌రే వ్యాను వస్తోందనీ, అరవై ఐదు దాటిన ఆడవాళ్ళంతా ఛాతీ ఫొటో తీయించుకోవాలనీ, తీయించుకున్నవాళ్ళకు పది గుడ్ల డబ్బా ఇస్తారనీ. మైకులో గుడ్ల మాటే రెండుసార్లు వినబడింది.

ఆ వ్యాను వెనక ఉన్న ఆలోచన తెలివైనదే, తీసిపారేయాల్సింది కాదు. ముసలాళ్ళ ఊపిరితిత్తుల కోసం ఛాతీ ఎక్స్‌రే ఎలాగూ తీస్తున్నారు. ఆ ఫొటోలో పక్కటెముకలూ మెడ కింది ఎముకలూ వెన్నుపూసలూ కూడా పడతాయి. వాటి నీడ ఎంత పల్చగా ఉందో మనిషి కంటికి ఆనదు గానీ నేర్పిన కంప్యూటర్‌కు ఆనుతుంది. గుల్లబారుతున్న ఎముకలెవరివో అది ఏరి చెబితే, వాళ్ళను మాత్రమే పెద్దాసుపత్రికి పంపి అసలు పరీక్ష చేయిస్తే చాలు. తుంటి విరిగిన ఒక ముసలమ్మకు ఆపరేషనూ మంచమూ మనిషి సాయమూ కలిపి అయ్యే ఖర్చు ముందు ఈ ఖర్చు చిల్లర. విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క కట్టి గిట్టుబాటేనని తేల్చారు. అయితే ఎంత గిట్టుబాటు అన్నది, ఒక్కో మనిషికి ఎంత తక్కువలో ముగిస్తారు, ఊళ్ళో ఎంతమందిని పట్టుకొస్తారు అన్న రెండింటి మీద ఆధారపడి ఉంది. మొదటిదాని కోసం వ్యాను దగ్గర కార్డులో ఫొటోనీ మనిషి మొహాన్నీ పోల్చి చూసే ఉద్యోగాన్ని తీసేసి కార్డు గీకే మిషను పెట్టారు. రెండోదాని కోసం గుడ్లు పెట్టారు.

ఆ రోజు కాళ్ళు బోంగ్-యోవి. రెండు పడవలు ఒకేసారి వచ్చి బల్ల మీద చిప్పలు కొండలా ఉన్నాయి. కిమ్-హియో లేవలేదు.

“నా కార్డు కూడా ఉంది సంచిలో. గుడ్లు తెచ్చెయ్యక్కా.”

“తెస్తాలే. నువ్వా గుట్ట తగ్గించు.”

కార్డు చూపిస్తే గుడ్లిచ్చేస్తారనే ఇద్దరూ అనుకున్నారు. గుడి దగ్గర కార్డులు గీకే పిల్ల సంచి చూసి తల అడ్డంగా ఊపింది.

“ఎక్స్‌రే దిగినవాళ్ళకే గుడ్లు, మామ్మగారూ. కార్డుకి కాదు.”

“ఆవిడకి తీరదమ్మా, చిప్పలొచ్చాయి.”

“అయితే ఆవిడకి గుడ్లు రావు.”

బోంగ్-యో తన కార్డు గీకించుకుని వ్యానెక్కింది, ఊపిరి బిగబట్టింది, దిగింది. గుడ్ల డబ్బా చేతికొచ్చింది. డబ్బాలో గుడ్లు తళతళలాడుతున్నాయి. కిమ్-హియో ఇంట్లో మంచాన పడ్డ అత్తగారికి పొద్దున్నే గంజిలో గుడ్డు కలపకపోతే గోల. బోంగ్-యో గుడి స్తంభం చాటుకి వెళ్ళి మొహానికి చుట్టుకున్న పూలగుడ్డను తిరగేసి కట్టుకుంది. మళ్ళీ వరసలో నిలబడి కిమ్-హియో కార్డు గీకించింది. మిషను కీచుమంది. పిల్ల తలెత్తలేదు.

వ్యానులో ఎక్స్‌రే తీసే అబ్బాయి మాత్రం కాస్త ఆగాడు.

“మీరిందాకా వచ్చినట్టున్నారు, మామ్మగారూ?”

“మా ఊళ్ళో ముసలాళ్ళం అందరం ఒక్క అచ్చే బాబూ. నీకేం తెలుస్తుంది.”

“అదీ నిజమేలెండి. ఊపిరి బిగబట్టండి.”

రెండు డబ్బాలతో ఆమె షెడ్డుకు తిరిగొచ్చేసరికి బల్లంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లో పెద్ద గొంతు బీ-ఆది. బల్ల చివర కూర్చుంటుంది, అందరికంటే చిన్నది, అప్పుడే అరవై ఐదు దాటింది. చాకు కంటే నోరు పదును.

“రెండుసార్లు దిగొచ్చిందట! మిషనుకే సిగ్గేసి ఉంటుంది. ఆ ఛాతీలో చూడ్డానికి ఒక్కసారికే ఏమీ లేదు గదా!”

“నీకున్నదేంటే, నాలుగు చిప్పలూ ఒక నోరూ,” అంది బోంగ్-యో. “నువ్వెళ్ళి దిగిరా పో. గుడ్లైపోతాయి.”

బీ-ఆ వెళ్ళి తన కార్డుతో తనే దిగొచ్చింది.

నెల తిరక్కుండా ఉత్తరాలొచ్చాయి. షెడ్డు యజమాని కూతురు చదివి వినిపించింది. బోంగ్-యో ఎముకలకు ప్రమాదం తక్కువ. కిమ్-హియో ఎముకలకు కూడా ప్రమాదం తక్కువే. బీ-ఆకు ఎక్కువ, పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకోవాలి.

“చూశావా, నీ పేరున కూడా నా ఎముకలు గట్టివే!” అని బోంగ్-యో తొడ చరుచుకుంది. కిమ్-హియో కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. బీ-ఆ తన ఉత్తరాన్ని షెడ్డులో వేడి టీ కెటిల్ కింద పెట్టింది. కెటిల్ కింద పెట్టిన కాగితం దాని అవసరం వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

చలికాలంలో కిమ్-హియోకు నడుము పట్టేసింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. ఒక పూట మానుకుని తనే స్వయంగా క్లినిక్‌కి వెళ్ళొచ్చింది.

“ఏమన్నాడే డాక్టరు?”

“ఏమంటాడు, పట్టీలిచ్చాడు.” నడుం మీద అంటించుకునే మందు పట్టీల పొట్లం చూపించింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

వసంతంలో చిప్పలకు బాగా కండ పడుతుంది, పని ఎక్కువ. అలాంటి ఒక మధ్యాహ్నం కిమ్-హియో గిన్నె నిండిందని తూకం దగ్గరికి లేచింది. కాళ్ళ దగ్గర గుట్టగా పడ్డ ఖాళీ చిప్పల మీద బూటు జారింది. పెద్దగా పడలేదు కూడా. పీట మీద కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. అందరూ లేపబోతే అరిచింది. ముప్పై ఏళ్ళలో ఆమె అరవగా ఎవరూ వినలేదు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషనయింది. తర్వాత ఊపిరితిత్తుల్లో నిమ్ము. తర్వాత ఇంట్లో, అత్తగారి మంచం పక్కన మరో మంచం. కొడుకు చిప్పల లారీ నడుపుతాడు. పొద్దున వెళ్ళేముందు ఇద్దరికీ డైపర్లు మార్చి వెళ్తాడు, కోడలు మధ్యాహ్నం వచ్చి మళ్ళీ మారుస్తుంది. విశ్వవిద్యాలయం లెక్కలో ఈ మార్పిళ్ళు ఉన్నాయో లేదో తెలియదు. తుంటి విరిగింది కాబట్టి ఇకనుంచీ ఎముకలు గట్టిపడే సూది మందు ఏడాదికి రెండుసార్లు బీమా కింద ఉచితమని నర్సు శుభవార్తలా చెప్పి వెళ్ళింది.

బోంగ్-యో రోజూ పని ముగించుకుని వెళ్ళి కూర్చునేది. ఒకరోజు అడిగింది.

“ఆ చలికాలం క్లినిక్‌కి వెళ్ళావే, అప్పుడే నిన్ను పరీక్షకి పంపిస్తే బాగుండేది. ఆ డాక్టరు గుడ్డోడు.”

కిమ్-హియో పైకప్పు చూస్తూ మెల్లగా అంది.

“గుడ్డోడేం కాదక్కా. నన్ను చూడగానే ఎముకలు పరీక్ష చేయించాలన్నాడు. కంప్యూటర్‌లో కొట్టాడు. నీకు ప్రమాదం తక్కువని వచ్చింది కదమ్మా, మూడేళ్ళదాకా మళ్ళీ పంపడానికి వీల్లేదన్నాడు. పట్టీలు రాశాడు.”

“ఫొటో దిగింది నేను కాదని చెప్పొచ్చుగా!”

“చెబితే?”

“చెబితే ఏంటి?”

“ఒకరి కార్డు మీద ఒకరు దిగితే జరిమానా అని గోడ మీద రాసుంది. నిన్ను పట్టుకుంటారు. గుడ్లకోసం జైలుకెళ్ళావని బీ-ఆ పాట కడుతుంది.” నవ్వబోయి, తుంటి నొప్పెట్టి ఆగింది. “అయినా నడుం నొప్పేగా అనుకున్నాను.”

ఎదురు పీట మీద కూర్చున్న మనిషి కుంగిపోతోందని కళ్ళారా చూసింది బోంగ్-యోనే, ఆ మనిషి పేరు మీద గట్టి ఎముకలు పెట్టి వచ్చిందీ తనే. ఆ రోజు వ్యానులో ఊపిరి బిగబట్టిన సంగతి గుర్తొచ్చింది. ఫొటో బాగా రావాలని ఒళ్ళు నిటారుగా కూడా పెట్టింది.

షెడ్డులో సంగతి ఇంకోలా తిరిగింది. కిమ్-హియో పడ్డనాటి నుంచీ బల్ల మొత్తానికి మిషను మీద నమ్మకం పోయింది. ఆ పేరున దిగింది ఎవరన్నది గుడ్లనాటి నవ్వులతోనే మరుగున పడింది, ఉత్తరంలో రాసిన పేరే అందరికీ గుర్తుంది. అందరికంటే ఎక్కువ బీ-ఆకు.

“కిమ్-హియో ఎముకలు ఉక్కని రాసిన మిషనే గదా నావి పుచ్చని రాసింది! అంటే నావి ఉక్కన్నమాట. పద, లారీ ఎక్కించండి, చిప్పలు నేనే మోస్తా!”

అందరూ నవ్వారు. బోంగ్-యో నవ్వలేదు. ఉత్తరం కెటిల్ కింద గుండ్రటి మచ్చలు పడి అక్కడే ఉంది. బీ-ఆ తూకానికి లేచిన ప్రతిసారీ బోంగ్-యో చాకు ఆగిపోయేది. మిషను తప్పు చెప్పలేదు. తన ఎముకల సంగతి రెండుసార్లు అడిగితే రెండుసార్లూ నిజమే చెప్పింది. ఆ మాట ఒట్టేసి చెప్పగలిగింది లోకంలో ఇద్దరే. ఒకరు మంచం మీద ఉన్నారు.

ముందు ప్రభుత్వానికి చెబుదామనుకుంది. కిమ్-హియో పేరు మీద ఉన్నది అబద్ధమని పైవాళ్ళే సరిచేస్తే, మిషను మంచిదని వాళ్ళే ఊళ్ళో చెబితే, బీ-ఆ వింటుంది. తన మాటకంటే మైకు మాట పెద్దది. జరిమానా వేస్తే వేయనీ అనుకుంది.

జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ఈ పథకం చూసే అధికారిణి పేరు లాయ్. నలభై లోపు వయసు, అలసిపోయిన మొహం, బల్ల మీద సగం తిన్న డబ్బా భోజనం. గోడ మీద కొత్త అవార్డు ఫలకం. అతి తక్కువ ఖర్చుతో అత్యధిక శాతం పరీక్షలు చేసినందుకు. ఓ-బే పేరు అందులో మొదట ఉంది.

“కూర్చోండి మామ్మగారూ. కిమ్-హియో గారి సంగతి మాకు తెలుసు. చాలా బాధాకరం. మేం పరిశీలిస్తున్నాం.”

“మిషను తప్పు కాదమ్మా అది.”

“యంత్రం కూడా అప్పుడప్పుడూ…”

“కాదంటున్నాగా. ఆ ఫొటోలో ఉన్నది నేను. దాని కార్డు మీద నేను దిగాను. గుడ్లకోసం.”

లాయ్ లేచి వెళ్ళి తలుపు మూసింది. తిరిగి వచ్చి కూర్చుని చాలాసేపు చాప్‌స్టిక్స్‌ను డబ్బా మీద సరిగ్గా సర్దింది.

“ఇంకెవరికైనా చెప్పారా?”

“పైవాళ్ళెవరికీ లేదు. రాసుకోండి. జరిమానా ఎంతో చెప్పండి.”

“మామ్మగారూ, జాగ్రత్తగా వినండి. యంత్రం వందలో కొంతమంది విషయంలో తప్పు చెబుతుందని మేం మొదట్లోనే రాసుకున్నాం. ఆ తప్పుకి లెక్కలో చోటుంది. కిమ్-హియో గారు ఆ చోట్లో సరిపోయారు. ఇప్పుడు మీరు చెప్పేదానికి చోటు లేదు.”

“చోటేంటమ్మా? ఇది నిజం.”

“నిజమే. నిజమైతే కార్డు చూడకుండా ఎలా ఎక్కించారని అడుగుతారు. చూసే మనిషిని ఎందుకు తీసేశారని అడుగుతారు. ఊళ్ళో ఇంకెంతమంది ఇలా దిగారని అడుగుతారు. వచ్చే ఏడాది వ్యానే రాదు. అసలే అందరూ ఎప్పుడు ఆపేద్దామా అని చూస్తున్నారు. వ్యాను రాకపోతే ఎంతమంది తుంటులు విరుగుతాయో మీకు తెలుసా?”

“నాకు ఒక తుంటి తెలుసు,” అంది బోంగ్-యో.

లాయ్ మొహం ఎర్రబడింది. చెడ్డ మనిషి కాదు. వ్యానును బతికించాలన్న ఆమె పట్టుదల నటన కూడా కాదు. కాకపోతే మిషను తప్పు చేస్తే అది శాతం కిందికి వెళ్తుంది, మనిషి తప్పు చేస్తే కేసు కిందికి వెళ్తుంది. శాతాలతో ఆమె బతకగలదు, కేసుతో బతకలేదు.

“పాపం మిషను,” అంది బోంగ్-యో లేస్తూ. “నోరు లేదు గదా, అన్నీ దానిమీదే వెయ్యండి.”

“మామ్మగారూ, మీరు నాకేమీ చెప్పలేదు. నేనేమీ వినలేదు. మీ మంచికే చెబుతున్నాను.” ద్వారం దాకా వచ్చి ఒక డబ్బా చేతిలో పెట్టింది. కాల్షియం బిళ్ళలు. మూత మీద ఆల్చిప్ప బొమ్మ.

బోంగ్-యో బస్సులో ఆ డబ్బా కేసి చూసింది. షెడ్డు వెనక చిప్పల గుట్టలను పొడి చేయడానికి లారీలు తీసుకెళ్తాయని తెలుసు. ఎక్కడికో తెలియదు. ఇన్నాళ్ళూ అందరూ ఈ కాల్షియం గుట్టల మధ్యలోనే కూర్చున్నారు.

మర్నాడు పడవ ఇంకా రాకముందు, అందరూ గుడ్డలు చుట్టుకుంటున్నప్పుడు చెప్పేసింది. నిలబడి, దేవుడి ముందు చెప్పినట్టేం కాదు, చాకుకు పదును పెడుతూనే చెప్పింది. గుడ్లు, స్తంభం చాటు, తిరగేసిన గుడ్డ అందరికీ తెలిసినవే, నవ్వుకుని మరిచిపోయినవే. క్లినిక్‌లో డాక్టరు కంప్యూటర్ చూసి ఏమన్నాడో, కిమ్-హియో ఎందుకు నోరు మూసుకుందో, అవి ఎవరికీ తెలియవు.

బల్ల మధ్యనుంచి ఒకామె అంది. “నేను మా తోడికోడలి కార్డు మీద దిగాను.”

“మా అత్త కార్డు మీద మా ఆడపడుచు దిగింది,” ఇంకొకామె.

“మా అమ్మ కార్డు మీద నేను… మా అమ్మ అప్పటికి ఆసుపత్రిలోనే ఉంది.”

ఊరి ఎముకలన్నీ అలా ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారుతూ వచ్చి ఆ అవార్డు ఫలకం మీద కుదురుకున్నాయి. నవ్వొచ్చే సంగతే. ఎవరూ నవ్వలేదు.

“బీ-ఆ, నీ కార్డు మీద నువ్వే దిగావు కదే?” అడిగింది బోంగ్-యో.

“నేనే దిగాను.” బీ-ఆ గొంతులో మొదటిసారి పదును లేదు.

“అయితే అది నిజం చెప్పింది. నాకు రెండుసార్లు నిజం చెప్పిన మిషనే నీకూ చెప్పింది. ఆ ఉత్తరం తీసుకుని పో.”

“చిప్పలెవరొలుస్తారు?”

“నేను ఒలుస్తా. నీ గిన్నె నేను నింపుతా. కార్డు మాత్రం ఇవ్వకు, కాళ్ళు నీవే కావాలి.”

బీ-ఆ కెటిల్ ఎత్తి ఉత్తరం తీసుకుంది. ఆ రోజు బోంగ్-యో రెండు గిన్నెలు ముందు పెట్టుకుని ఒలిచింది, ఒక చిప్ప తన గిన్నెలోకి, ఒక చిప్ప బీ-ఆ గిన్నెలోకి. సాయంత్రం యజమాని రెండింటి తూకాలూ లెక్క చూసి, బీ-ఆ గిన్నే ఎక్కువ తూగిందన్నాడు.

బీ-ఆ రెండుమూడు సార్లు తిరగాల్సొచ్చింది. అసలు పరీక్ష చేశారు. మిషను చెప్పింది ముమ్మాటికీ నిజం. ఎముకలు బాగా గుల్లబారాయి, ఏ క్షణమైనా విరగొచ్చు. కిమ్-హియోకు ఇస్తున్న సూది మందే ఈమెకూ రాశారు. ఆ కబురు చెప్పడానికి ఆమె షెడ్డులోకి వచ్చినప్పుడు అందరూ చాకులు దించారు.

“మందుంది. మంచి మందట,” అంది బీ-ఆ గుడ్డ చుట్టుకుంటూ. “బీమా కింద రాదట.”

“అదేంటి? కిమ్-హియోకి ఊరికే ఇస్తున్నారుగా!”

“దానికి విరిగింది. నాకింకా విరగలేదు. విరిగితే ఊరికే ఇస్తారట, విరక్కుండా కావాలంటే మన డబ్బు కట్టుకోవాలట. ఆ డబ్బెంతో చెప్పాడు, నేను మళ్ళీ చెప్పమన్నాను, మళ్ళీ అంతే చెప్పాడు.” పీట లాక్కుని కూర్చుంది. “విరిగాక రమ్మన్నారక్కా. గుడ్లు కూడా ఇస్తారేమో అడగడం మర్చిపోయాను.”

కనిపెట్టడం చవక అని లెక్క కట్టినవాళ్ళు ఉన్నారు. కనిపెట్టాక ఏమిటన్నది వేరే గదిలో వేరేవాళ్ళు కట్టే వేరే లెక్క. ఆ రెండు గదులకూ మధ్య తలుపు ఉన్నట్టు లేదు. బోంగ్-యో మళ్ళీ చాకు అందుకుంది. లాయ్‌తో, బల్లతో ఏ మాటలైతే అంటే పని జరుగుతుందనుకుందో అవన్నీ అనేసింది.

ఆ సాయంత్రం కిమ్-హియోకు ఈ సంగతంతా చెప్పింది. కిమ్-హియో విని, చాలా రోజుల తర్వాత మునుపటిలా నవ్వింది. నవ్వి, దిండు కింద చెయ్యి పెట్టి తన బీమా కార్డు తీసింది.

“ఇదిగో. బీ-ఆకివ్వు.”

“ఎందుకే?”

“వచ్చే వారం నాకు సూది. దాని మొహానికి గుడ్డ కట్టి పంపు. నా పేరున పొడిపించుకుని వస్తుంది. నాకు విరగాల్సింది విరిగిందిగా, నేనెలాగూ లేవను.”

కార్డు మీద ఫొటోలో కిమ్-హియో బుగ్గలు నిండుగా ఉన్నాయి. కిటికీ అవతల కోడలు లారీ కడుగుతోంది. ఆ కార్డు తీసుకోవడం ఎంత తేలికో బోంగ్-యోకు తెలుసు. పని కూడా జరుగుతుంది. గుడ్డ కట్టుకుంటే ముసలాళ్ళందరిదీ ఒక్క అచ్చే. అక్కడా మిషను కీచుమంటుంది, ఎవరూ తలెత్తరు. బీ-ఆకు సూది పడుతుంది. ఈమెకు పడదు. ఈమెకింకో తుంటి ఉంది.

“వద్దే,” అంది.

“ఎందుకక్కా, ఊరికే పోతుంది…”

“వద్దన్నానా. నీ పేరున ఒకళ్ళు నిలబడింది చాలు.” కార్డు మళ్ళీ దిండు కింద పెట్టి, దుప్పటి సరిచేసి లేచింది.

“నువ్వు మొదట్నుంచీ ఇంతే,” అంది వెనకనుంచి కిమ్-హియో. “గుడ్లయితే తెస్తావు.”

మర్నాడు షెడ్డుకు వచ్చేటప్పుడు బోంగ్-యో ఇంటినుంచి ఒక పార తెచ్చుకుంది. రెండు గిన్నెలు ఒలిచేంత సేపటికి ఒకసారి లేచి, బల్ల చివరికి వెళ్ళి, బీ-ఆ కాళ్ళ చుట్టూ పడ్డ చిప్పలన్నీ పారతో అవతలికి లాగేసేది. తడి నేలను గోనెసంచితో తుడిచేది. లేచినంత మేరా ఆమె గిన్నె తేలికయ్యేది. యజమాని చూసి తల గోక్కున్నాడు. బీ-ఆ రెండు రోజులు ఓర్చుకుంది.

“ఏంటక్కా ఇది, నేనేమన్నా గుడ్డునా?”

బోంగ్-యో పారను గోడకు ఆనించింది.

“నీ గిన్నె నిండిందా?”

“నిండింది.”

“ఇటివ్వు. నువ్వు లేవకు.”